మన కాని ‘మన’

ఇండోనేషియాలో సాయంత్రం పూట వీధిలో నడుచుకుంటూ పోతుంటే అరుగు మీద కూర్చున్న పెద్దాయనో, కొట్టు ముందు నిలబడ్డ ఆవిడో ‘మావ్ కె మన?’ అని పలకరిస్తారు. ఎక్కడికి బయల్దేరారు అని అర్థం. నిజంగా జవాబు కోసం అడిగేది కాదది, ‘జలాన్ జలాన్’ అంటే సరిపోతుంది, ఊరికే అలా తిరిగొద్దామని. (తెలుగు ఊళ్లలో అయితే బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడిగితే, గుమ్మం దగ్గరే ఆగి, లోపలికొచ్చి మంచినీళ్లు తాగి, అడిగినవాళ్లని మనసులో నాలుగు తిట్టుకుని మళ్లీ కదిలేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ అదే ప్రశ్న మర్యాద.)

ఆ ప్రశ్నలో తెలుగు చెవిని ఠక్కున పట్టుకునేది చివరి మాట, ‘మన’. అక్కడ దానికి ఎక్కడ అని అర్థం. ఇదే మాట మనీలాలో వినిపిస్తే వారసత్వం. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల భాషలో పెద్దరికం, అధికారం. హవాయిలో దైవశక్తి, ఇంకో సందర్భంలో చెట్టు కొమ్మ. ఫిజీలో పూజ ముగింపులో అందరూ కలిసి అనే మాట. ఈ భాషలన్నీ ఆస్ట్రోనేషియన్ అనే ఒకే కుటుంబంలోవి. పడమట మడగాస్కర్ నుంచి తూర్పున ఈస్టర్ ఐలాండ్ దాకా పరుచుకున్న కుటుంబం అది, సుమారు 1,200 భాషలు, తైవాన్‌లో మొదలై వేల ఏళ్ల పాటు పడవల మీద దీవి నుంచి దీవికి పాకిన భాషలు.

కుటుంబం ఒకటే, శబ్దం ఒకటే, కాబట్టి మాట కూడా ఒకటే అయ్యుంటుంది, దూరం వెళ్లేకొద్దీ అర్థం మారిపోయి ఉంటుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించడంలో తప్పు లేదు గానీ ఆ లెక్క తప్పు. ఒకే కుటుంబంలో ఉన్నంత మాత్రాన ఒకేలా వినిపించే మాటలన్నీ ఒక తల్లి పిల్లలు కానక్కర్లేదు. దీనికి ఋజువు తెలుగులోనే ఉంది. ‘కారు’ తీసుకోండి. కారు చీకట్లో కారు నల్లది. రోడ్డు మీద కారు ఇంగ్లీషు నుంచి దిగింది. కుళాయి కారుతోంది అన్నప్పటి కారు ఇంకోటి. ‘వాళ్లు మా చుట్టాలు కారు’ అన్నప్పుడు అసలది ‘అవు’ అనే క్రియకి వ్యతిరేక రూపం. ఒకే భాషలో, ఒకే రెండక్షరాల్లో ఇన్ని మాటలు దాక్కుంటే, 1,200 భాషల్లో ‘మన’ అనే ఇంత తేలికైన శబ్దం ఎన్నిసార్లు ఎన్ని దారుల్లో పుట్టి ఉంటుంది! పసిపిల్లలు కూడా పలకగలిగిన మ, న, మధ్యలో అ.

మలయ్, ఇండోనేషియన్‌లలోని ‘మన’ ప్రశ్నార్థకం. అక్కడ అనడానికి ‘సన’, ఇక్కడ అనడానికి ‘సిని’, వాటి పక్కన ఎక్కడ అనడానికి ‘మన’. ‘ఓరాఙ్ మన?’ అంటే మీదే ఊరు. ‘బగైమన’ అంటే ఎలా, మాట విడగొడితే ఏ విధంగా అన్నట్టే ఉంటుంది. దీని అసలు సొగసు మాత్రం విసుక్కునేటప్పుడు తెలుస్తుంది. ‘మన సాయ తాహు!’ అంటారు. మాటకి మాట పెడితే ‘ఎక్కడ నాకు తెలుసు’. అచ్చంగా మనవాళ్లు ‘నాకెక్కడ తెలుసు!’ అని చేతులు తిప్పినట్టే. ‘మన ఆడ!’ అంటే ‘ఎక్కడుంది!’, అంటే లేదు పొమ్మని. తెలుగుకీ మలయ్‌కీ చుట్టరికం లేదు, అయినా ఎక్కడ అనే ప్రశ్నని రెండూ ఒకేలా ఒంపు తిప్పి లేదు, కాదు అనే అర్థంలో వాడేసుకున్నాయి. ఇంగ్లీషువాళ్లకి ఇది విడమర్చి చెప్పాలి, తెలుగువాళ్లకి అక్కర్లేదు.

తమాషా ఏంటంటే మన తెలుగు ‘మన’ అర్థం కూడా ఆ భాషల్లో ఉంది, శబ్దమే వేరు. నువ్వూ నేనూ కలిసి అయితే మలయ్‌లో ‘కిత’, నిన్ను వదిలేసి మేం మాత్రమే అయితే ‘కమి’. ‘రుమా కిత’ మన ఇల్లు, ‘రుమా కమి’ మా ఇల్లు. మావోరీలో మనం ‘తాతొఉ’, మేము ‘మాతొఉ’. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఈ తేడా చూపించడానికి సరైన మాట దొరక్క అవస్థ పడేది తెలుగువాళ్లకి తెలిసిందే, ఈ దీవుల భాషల దగ్గర ఆ బాధ లేదు. మలేషియాలో తోటల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల సంగతి ఆలోచిస్తే సరదాగా ఉంటుంది. ఇంట్లో మన అంటే మనది, బడిలో ‘మన’ అంటే ఎక్కడ. రెండూ కలిపి ‘మన పుస్తకం మన?’ అన్నా వాక్యం నిలబడుతుంది.

జావా భాషలో ‘మనహ్’ అని ఇంకోటుంది. పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడేటప్పుడు హృదయం, మనసు అనే అర్థంలో వాడతారు. ఇది మనకి పాత చుట్టమే, సంస్కృతం మనః. తెలుగులో మనసు అయిన మాటే సముద్రం దాటి అక్కడ మనహ్ అయింది. ఇండోనేషియన్‌లో అర్థం అనడానికి ‘మక్న’ అంటారు, అది అరబ్బీ. అంటే ఆ ప్రాంతంలో ‘మన’ లాగా వినిపించే మాటల్లో ఒకటి ఇంటిది, ఒకటి సంస్కృతం నుంచి వచ్చింది, ఒకటి ఇస్లాంతో పాటు వచ్చింది. ఎవరి పిల్ల ఎవరో తెలియాలంటే పోలిక చూస్తే చాలదు, పుట్టుక చూడాలి.

మడగాస్కర్ సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. మలగాసీ భాషలో ‘మన’తో మొదలయ్యే క్రియలు కుప్పలుగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ ‘మన్’ క్రియల ముందు అతుక్కునే ఉపసర్గ, ‘సస’ అనే ధాతువుకి అది తగిలితే ‘మనస’ అవుతుంది, ‘మనస లంబ’ అంటే బట్టలుతకడం. ఆ పేరున్న అమ్మాయిలు తెలుగునాట చాలామందే ఉన్నారు, వాళ్లకి చెప్పకపోవడమే మంచిది.

ఫిలిప్పీన్స్‌లోని తగాలోగ్ భాష దగ్గరకొచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. అక్కడ ‘మన’ అంటే వారసత్వం, తాతల నాటి ఆస్తి. ఒక్క ఆస్తే కాదు, పిల్ల ముక్కు తండ్రిది వచ్చిందనుకోండి, ‘నగ్మన స తతయ్’ అంటారు, తండ్రి పోలిక వచ్చింది అని. ఇప్పుడు హవాయికి వెళ్దాం. అక్కడ ‘మాన’ అని దీర్ఘంతో ఒక మాట ఉంది. పెద్దవాళ్లు నమిలి పసిబిడ్డ నోట్లో పెట్టే ముద్దని మాన అంటారు. అక్కడితో ఆగలేదు, పెంచినవాళ్ల దగ్గర్నుంచి బిడ్డకి అబ్బిన గుణాన్ని కూడా మాన అంటారు. పెంచిన చేతి గుణం నమిలిన ముద్దతో పాటు లోపలికి పోయిందన్నమాట. ఒక పక్క మనీలాలో తండ్రి నుంచి వచ్చిన పోలిక ‘మన’, ఇంకో పక్క హొనొలులులో పెంచినవాళ్ల నుంచి వచ్చిన గుణం ‘మాన’. వీటికి తోడు పాలినేషియాలో, అంటే హవాయి, న్యూజిలాండ్ లాంటి దీవుల్లో, పూర్వీకుల నుంచి వంశంలో దిగే శక్తి ‘మన’. మూడింటినీ ఒక తాడు మీద కట్టి, చూశారా, అసలు అర్థం పూర్వీకుల నుంచి వచ్చేది అని చెప్పేయాలని ఎవరికి ఉండదు?

ఈ ఉబలాటానికి లొంగితే పని చెడినట్టే. అర్థాలకి బంధుత్వం కలపడం చాలా తేలిక, కాస్త ఊహ ఉంటే ఏ రెండు అర్థాలనైనా కలపొచ్చు. భాషల చరిత్ర రాసేవాళ్లు అందుకే అర్థాన్ని పక్కనపెట్టి ముందు శబ్దాన్ని చూస్తారు. ఒక భాషలో ఒక శబ్దం మారితే అన్ని మాటల్లోనూ ఒకే తీరుగా మారుతుంది, ఇష్టం వచ్చిన చోట మాత్రమే మారదు. హవాయిలో దీన్ని దగ్గర్నుంచి చూడొచ్చు.

తెలుగు వర్ణమాలలో ఙ అని ఒకటుంది, వాఙ్మయం అన్నప్పుడు తప్ప దానికి పెద్దగా పని పడదు. మావోరీలో ఆ శబ్దం రోజంతా పని చేస్తూనే ఉంటుంది, మాట మొదట్లో కూడా వస్తుంది. హవాయి భాషలో మాత్రం అది పూర్తిగా పోయి న అయిపోయింది. అలాగే త కాస్తా క అయింది, ర స్థానంలో ల వచ్చింది. కాబట్టి మావోరీలో మనిషి ‘తఙత’ అయితే హవాయిలో ‘కనక’. ఆకాశం ‘రఙి’ అయితే ‘లని’. కన్ను ‘మత’ అయితే ‘మక’. ఒక్కసారి ఈ తాళం చెవి దొరికాక తలుపులు వరసగా తెరుచుకుంటాయి. మావోరీలో చెట్టు కొమ్మ ‘మఙ’. ఆ సూత్రం ప్రకారం హవాయిలో అది ఏమవ్వాలి? ‘మన’. సరిగ్గా అదే అయింది.

అంటే హవాయి నిఘంటువులో పక్కపక్కన కనిపించే దైవశక్తి ‘మన’, కొమ్మ ‘మన’ రెండూ వేరే మాటలు. మావోరీలో ఒకటి మన, రెండోది మఙ, విడివిడిగా బతుకుతున్నాయి. హవాయిలో ఙ చచ్చిపోవడంతో రెండూ ఒకే వేషంలోకి వచ్చేశాయి. వేలిని హవాయి భాషలో ‘మనమన లిమ’ అంటారు. లిమ అంటే చెయ్యి, అయిదు కూడా. వేళ్లు చేతికి కొమ్మలు, అంతే. దీన్ని చూసి ఆహా, హవాయివాళ్లు వేళ్లలో దైవశక్తి ఉందని నమ్మారు, అందుకే మసాజ్‌కి అంత పేరు అని ఎవరైనా రాస్తే వినడానికి ఎంత బాగుంటుందో! శక్తికీ వేలికీ అక్కడ సంబంధం లేదు, కొమ్మకీ వేలికీ ఉంది. ఇక ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం గుర్తు పెట్టకుండా రాస్తే నమిలిన ముద్ద ‘మాన’ కూడా వచ్చి వీటిలో కలిసిపోతుంది. తెలుగు లిపిలో రాస్తే మన, మఙ, మాన మూడూ మూడు ముఖాలతో కనిపిస్తాయి. ఈ ఒక్క విషయంలో మన లిపి గొప్పే.

ఇక వీటన్నిట్లోకీ ప్రపంచం మొత్తం తిరిగింది పసిఫిక్ దీవుల శక్తి ‘మన’. ఇది పాలినేషియన్ భాషల్లోనే కాకుండా మెలనీషియాలో (సాలమన్, వనువాటు, ఫిజీ దీవుల వైపు) కూడా ఉంది కాబట్టి, ఆస్ట్రోనేషియన్ కుటుంబంలో మూడు వేల ఏళ్లకి పైబడిన ఓషియానిక్ శాఖ తల్లి భాష దాకా దాన్ని ధైర్యంగా తీసుకెళ్లొచ్చు. అంతకంటే వెనక్కి వెళ్లే సరికి పండితులు తలోదారి. భాషా శాస్త్రవేత్త రాబర్ట్ బ్లస్ట్ 2007లో చెప్పిందేమిటంటే, ఆ తల్లి భాషలో ఈ మాట ఉరుము, తుఫాను గాలి లాంటి ప్రకృతి శక్తుల్లో ఉండే బలాన్ని చెప్పేదని, మనుషుల చేతుల్లోకి అది తర్వాత వచ్చిందని.

దీన్ని యూరప్‌కి పరిచయం చేసింది రాబర్ట్ కాడ్రింగ్టన్ అనే మిషనరీ. మెలనీషియన్ మిషన్ తరఫున నార్ఫోక్ దీవిలో ఉంటూ, వనువాటు ఉత్తరాన ఉన్న మోత అనే చిన్న దీవి భాషని క్షుణ్ణంగా నేర్చుకున్న మనిషి. ఆయన రాసిన ఉత్తరం ఒకటి మాక్స్ ముల్లర్‌కి చేరింది. అవును, ఋగ్వేదం అచ్చు వేయించిన మాక్స్ ముల్లరే. 1878లో లండన్‌లో ఆయన భారతదేశపు మతాల ఆధారంగా మతం అనేది ఎలా పుట్టింది అనే విషయం మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆ ఉత్తరాన్ని చదివి వినిపించాడు. అంటే ‘మన’ ప్రపంచ యాత్ర వేదాల మీద జరిగిన ఉపన్యాసంలో మొదలైంది. 1891లో కాడ్రింగ్టన్ స్వయంగా పుస్తకం వేశాక ఇక చూస్కోండి, పారిస్‌లో సమాజ శాస్త్రవేత్తలు మార్సెల్ మోస్, దుర్ఖైమ్ మొదలుకుని అందరూ దాని మీద పడ్డారు. మతానికి, మంత్రానికి మూలం ఇదేనన్నారు, కనిపించకుండా ప్రవహించే ఒక శక్తి అన్నారు, కరెంటుతో పోల్చారు.

దీవుల్లో మనుషులు మాత్రం అలా మాట్లాడటం లేదు. సాలమన్ దీవుల్లోని టికోపియాలో 1928, 29లో ఉన్న మానవ శాస్త్రవేత్త రేమండ్ ఫర్త్ ఇదే అడిగి అడిగి అలసిపోయాడు. అసలు ‘మన’ అంటే ఏమిటి అంటే వాళ్లు సిద్ధాంతం చెప్పరు, చేపల సంగతి చెబుతారు. నాయకుడు దేవుణ్ణి అడిగాడు, చేపలు గట్టుకొచ్చాయి, అదే. పంట పండింది, అదే. వాన పడింది, అదే. ఫలితం కనిపించాలి, కనిపించకపోతే లేదు. తర్వాత 1984లో రోజర్ కీసింగ్ అనే ఇంకో మానవ శాస్త్రవేత్త అసలు తప్పు వ్యాకరణంలోనే జరిగిందన్నాడు. ఓషియానిక్ భాషల్లో చాలా చోట్ల ఇది నామవాచకమే కాదు, క్రియ. ఒక వస్తువు పేరు కాదు, ఒకటి జరిగిన తీరు. మందు పనిచేసింది, మొక్కు ఫలించింది, రాయి మహిమ చూపింది, ఆ పనిచేయడం, ఫలించడం ‘మన’. యూరప్ పండితులు క్రియని పట్టుకుని నామవాచకం చేసి, నామవాచకం అన్నాక దానికి ఒక వస్తువు ఉండాలి కదా అని వెతుకుతూ కూర్చున్నారు.

కీసింగ్ వాదాన్ని అన్ని దీవులకీ ఒకేలా అతికించలేం, మావోరీ, హవాయి భాషల్లో అది ఎప్పుడో నామవాచకంగా స్థిరపడింది. ‘హోఒమన’ అంటే హవాయిలో ఆరాధన, మాటకి మాట అయితే మన కలిగించడం. అయినా కీసింగ్ చెప్పింది తెలుగువాళ్లకి ఇట్టే అర్థమయ్యే విషయం. శక్తి, మహిమ అని అనువాదం చేస్తే దారి తప్పుతాం, ‘అచ్చొచ్చింది’ అంటే దగ్గరికి వస్తాం. ఆ ఇల్లు అచ్చొచ్చింది, ఆ గేదె అచ్చొచ్చింది అంటారు. కొనేముందు ఎవరూ అనలేరు, గడిచాక, కలిసొచ్చాక, వెనక్కి తిరిగి చూసి మాత్రమే అనగలరు. అచ్చు అనే పదార్థం ఇంట్లో ఏ మూల ఉందని ఎవరూ గోడలు తవ్వరు. డాక్టర్ హస్తవాసి కూడా ఇంతే, నలుగురికి తగ్గాకే ఆయన హస్తవాసి మంచిదవుతుంది. ఫిజీలో యంగోన అనే పానీయం తాగే వేడుకల్లోనూ ప్రార్థనల్లోనూ చివర ‘మన, ఎ న్దిన’ అంటారు. ఫలించుగాక, ఇది నిజం అన్నట్టు. తథాస్తు అని మనం అనే చోటే అది కూర్చుంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల్లోకి వెళ్లిన గిర్మిట్ (ఒప్పందపు) కూలీల్లో తెలుగువాళ్లు కూడా ఉన్నారు కాబట్టి, ఆ నేల మీద ఈ రెండు ‘మన’లూ ఒకే గాలిలో వినిపించాయి.

ఇలాంటి మాట చివరికి వీడియో గేమ్‌లో నీలం గీతగా తేలింది. 1969లో లారీ నివెన్ అనే అమెరికన్ రచయిత ఒక కథలో మంత్రశక్తిని వాడేకొద్దీ అయిపోయే సరుకుగా ఊహించి దానికి ‘మన’ అని పేరు పెట్టాడు, 1993లో వచ్చిన మేజిక్: ది గేదరింగ్ అనే కార్డుల ఆట దాన్ని ఇంటింటికీ చేర్చింది, ఇప్పుడు డోటా ఆడే కుర్రాడు ‘మానా అయిపోయింది రా’ అని టెన్షన్ పడుతుంటాడు. ఫలితం వచ్చాక చెప్పే మాట కాస్తా, ఖర్చు పెట్టకముందే అంకెల్లో లెక్కపెట్టే బ్యాలెన్స్ అయింది. యూరప్ పండితులు వెతికిన వస్తువు చివరికి గేమ్‌లో దొరికిందన్నమాట.

న్యూజిలాండ్‌లో అయితే ఇది ఆటా కాదు, పండితుల చర్చా కాదు. అక్కడ ‘మన’కి తెలుగులో పెద్దరికం, పలుకుబడి రెండూ కలిపి చెప్పుకోవాలి. ‘మన ఫెనువ’ అంటే నేల మీద అధికారం (ఫెనువ అంటే నేల, బిడ్డ మాయ కూడా). 1835 అక్టోబరు 28న ఉత్తరాది మావోరీ నాయకులు స్వతంత్ర ప్రకటన చేసినప్పుడు, దేశం మీద సార్వభౌమాధికారం తమదేనని చెప్పడానికి వాడిన మాటల్లో ‘మన’ ఉంది. అయిదేళ్లు తిరక్కుండానే, 1840 ఫిబ్రవరి 6న, వైతాంగిలో బ్రిటిష్ రాణితో ఒప్పందం జరిగింది. ఇంగ్లీషు ప్రతిలో నాయకులు సార్వభౌమాధికారాన్ని రాణికి ధారపోస్తున్నట్టు ఉంది. మిషనరీ హెన్రీ విలియమ్స్, ఆయన కొడుకు ఎడ్వర్డ్ కలిసి రాత్రికి రాత్రి చేసిన మావోరీ అనువాదంలో అదే చోట ‘కావనతఙ’ అని ఉంది. కావన అంటే గవర్నర్ అనే ఇంగ్లీషు మాటే మావోరీ నోట్లో తిరిగిన తీరు, బైబిల్లో పాంటియస్ పిలాతు లాంటివాళ్లకి వాడేది. కావనతఙ అంటే గవర్నర్‌గిరీ. అయిదు వందలకు పైగా నాయకులు సంతకాలు పెట్టారు, దాదాపు అందరూ మావోరీ ప్రతి మీదే.

గవర్నర్‌గిరీ ఇస్తే పోయేదేముంది, వచ్చిన తెల్లవాళ్ల గొడవలు ఆయన చూసుకుంటాడు అనుకుని ఉండొచ్చు వాళ్లు. అదే చోట ‘మన’ అని రాసి ఉంటే ఒక్కరు కూడా సంతకం పెట్టేవాళ్లు కాదని చాలామంది చరిత్రకారులు ఇప్పటికీ వాదిస్తారు, రూత్ రాస్ 1972లో రెండు ప్రతులనీ పక్కపక్కన పెట్టి చూపించాక ఆ వాదానికి బలం వచ్చింది. ఆ ఒప్పందం మీద మావోరీల ఫిర్యాదులు విచారించే వైతాంగి ట్రిబ్యునల్ 2014 నవంబరులో ఉత్తరాది తెగల కేసులో తేల్చింది కూడా అదే: 1840 ఫిబ్రవరిలో సంతకం పెట్టిన నాయకులు తమ సార్వభౌమాధికారాన్ని వదులుకోలేదు.